మధ్యలో చిల్లున్న జిల్లా: తైమీర్ నిజంగా ఖాళీయేనా?

రష్యా పటంలో క్రాస్నోయార్స్క్ ప్రాంతం ఎక్కడుందో వెతకండి. దక్షిణాన సయాన్ కొండల దగ్గర మొదలై, సైబీరియా పొడవునా పైకి పాకుతూ, ధ్రువ సముద్రంలోకి తల చాస్తుంది. ఆ తలభాగమంతా ఒకే ఒక్క జిల్లా. పూర్తి పేరు తైమీర్ డోల్గనో-నేనెత్స్ జిల్లా. వైశాల్యం 8,79,900 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే సుమారు 2,75,000. అంటే మన రెండు రాష్ట్రాలనూ మూడు సార్లు పక్కపక్కన పరిచినా అంచుల్లో ఇంకా చోటు మిగులుతుంది. జనాభా మాత్రం 2010 జనగణనలో 34,432. మన దగ్గర ఒక చిన్న మండలంలో ఉండేంత. ఒక్కో మనిషి వాటాకు పాతిక చదరపు కిలోమీటర్ల పైమాటే.

ఈ అంకెలు చూడగానే "అబ్బో, ఎంత ఖాళీ!" అనిపిస్తుంది. తైమీర్ గురించి రాసేవాళ్లంతా ఇక్కడే మొదలుపెడతారు, నేనూ అదే చేశాను. చలి, చీకటి, మంచు, కాబట్టి మనుషులు లేరు అని తేల్చేయడం తేలిక. నాకు ఆ "కాబట్టి" మీదే అనుమానం. ఎందుకంటే పటాన్ని ఇంకొంచెం దగ్గరగా చూస్తే జిల్లా నైరుతి భాగంలో ఒక చిల్లు కనిపిస్తుంది. దాని పేరు నొరిల్స్క్. చుట్టూ నాలుగు వైపులా తైమీరే, కాని ఆ నగరం తైమీర్ జిల్లా కిందికి రాదు. 2010లో అక్కడ ఉన్నది 1,75,365 మంది. అదే చలి, అదే చీకటి, కాళ్ల కింద అదే గడ్డకట్టిన నేల.

చిల్లు పూడ్చి లెక్కేస్తే జనాభా ఒక్క దెబ్బకు ఆరు రెట్లవుతుంది. అప్పటికీ అది కిక్కిరిసిన చోటేమీ కాదు, మనిషికి నాలుగు చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అయినా ఒక గీత ఇటు గీస్తే ఒక లెక్క, అటు గీస్తే ఇంకో లెక్క వస్తున్నప్పుడు, "ఖాళీ" అన్న మాట ప్రకృతి ఇచ్చినదా, మనుషులు గీసినదా అని అడగాల్సిందే. ఈ వ్యాసంలో వేరే ఏడాది పేరు చెప్పని చోట జనాభా అంకెలన్నీ 2010 జనగణనవి. జిల్లాలో జనం ఆ తర్వాత ఇంకా తగ్గారు.

ముందు నేల సంగతి

తైమీర్‌ను దక్షిణం నుంచి ఉత్తరానికి మెట్లెక్కినట్టు చూడటం మేలు. మొదటి మెట్టు పుతోరానా పీఠభూమి. నల్లరాతి కొండలు, పైన బల్లపరుపుగా, పక్కలు నిట్టనిలువుగా కోసేసినట్టు, మధ్యలో సన్నటి పొడవాటి సరస్సులు, లెక్కలేనన్ని జలపాతాలు. 2010లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఈ రాయి మనకు కొత్తది కాదు. తెలంగాణ వాయవ్యం దాకా వచ్చి ఆగే దక్కన్ నల్లరాయి ఎలా పుట్టిందో ఇదీ అలాగే పుట్టింది, భూమి చీలి లావా పొరలు పొరలుగా పరుచుకోవడం వల్ల. కాకపోతే దక్కన్ లావా వయసు ఆరున్నర కోట్ల ఏళ్లు, సైబీరియా లావాది పాతిక కోట్ల ఏళ్లు. భూమ్మీద జీవరాశిలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయిన కాలమదే. ఆ లావా పైకొస్తూ దారిలో గంధకం ఉన్న పొరలను కరిగించుకున్న చోట నికెల్, రాగి, ప్లాటినం, పల్లాడియం ఒకే దగ్గర పేరుకున్నాయి. నొరిల్స్క్ పుట్టుకకు అసలు కారణం ఇది. పక్కనే బొగ్గు కూడా ఉంది. ఖనిజం, దాన్ని కరిగించే బొగ్గు పక్కపక్కనే దొరకడం అరుదు.

రెండో మెట్టు ఉత్తర సైబీరియా పల్లపు నేల. టండ్రా అంటే మనసులో మెదిలేది ఇదే. చెట్టు లేని మైదానం, నాచు, చిత్తడి, వేసవిలో దోమల దండు. నేల అడుగున శాశ్వతంగా గడ్డకట్టిన మట్టి, అందుకే పైన కరిగిన నీరు ఇంకడానికి దారి లేక గుంటలు గుంటలుగా నిలిచిపోతుంది. చెట్టు లేదన్నాను కానీ పూర్తిగా నిజం కాదు. తూర్పున ఖతంగా అనే ఊరి వైపు 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక కూడా ఆరీ-మాస్ అనే చోట లార్చ్ చెట్ల అడవి ఒకటుంది, ప్రపంచంలో ఉత్తరాన చిట్టచివరి అడవుల్లో ఒకటి. పేరుకు అర్థం డోల్గన్ భాషలో "ద్వీపపు చెట్లు". టండ్రా సముద్రంలో అడవి ఒక లంక. అంతకంటే బాగా చెప్పలేం.

ఆ తర్వాత బిర్రంగా కొండలు, వాటి పాదాల దగ్గర తైమీర్ సరస్సు. 4,560 చదరపు కిలోమీటర్ల నీరు, కాని లోతు తక్కువ. శీతాకాలంలో చాలా భాగం అడుగుదాకా గడ్డకడుతుంది. కొండలు దాటితే చెల్యూస్కిన్ అగ్రం. ఆసియా, యూరప్ ఖండాల నేల ఉత్తరాన ఆగేది అక్కడే. 1742లో సెమ్యోన్ చెల్యూస్కిన్ కుక్కల బండి మీద అక్కడికి చేరాడు. ఇంకా పైన సెవెర్నయా జెమ్ల్యా దీవులు. ఇవి 1913 దాకా ఏ పటంలోనూ లేవు. భూమ్మీద ఇంత పెద్ద దీవుల గుంపును మనిషి కనిపెట్టడం అదే ఆఖరు.

తూర్పు అంచున, పక్క రాష్ట్రమైన యాకూతియా సరిహద్దు మీద పొపిగాయ్ బిలం ఉంది. మూడున్నర కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి వంద కిలోమీటర్ల వెడల్పున తవ్విన గుంట. ఆ దెబ్బకు నేలలోని గ్రాఫైట్ వజ్రాలయింది. నగలకు పనికిరావు, కోతకూ రాపిడికీ పనికొచ్చే రకం.

ఇక రాకపోకలు. మిగతా రష్యా నుంచి తైమీర్‌కు రోడ్డు లేదు, రైలు లేదు. జిల్లా కేంద్రం దుదింకా నుంచి నొరిల్స్క్‌కు ఒక రైలు పట్టా, ఒక రోడ్డు ఉన్నాయి. ఆ పట్టా దేశంలోని మరే పట్టాతోనూ కలవదు. ఇక్కడి జనం రష్యాలోని మిగతా భాగాన్ని "మాతెరిక్" అంటారు, అంటే ప్రధాన భూఖండం. తామూ అదే ఖండం మీద ఉన్నారు, అయినా దీవి మీద ఉన్నట్టే మాట్లాడతారు. సెలవులకు ఎక్కడికి పోతున్నావంటే "మాతెరిక్‌కు" అన్నదే జవాబు.

దుదింకా రేవు సంగతి ఇంకో వింత. ఏటా మే చివర్లో, జూన్ మొదట్లో యెనిసెయ్ నది మీద మంచు పగిలి కొట్టుకొచ్చేటప్పుడు నీటిమట్టం మీటర్ల కొద్దీ లేచి రేవు మొత్తం మునిగిపోతుంది. దక్షిణాన వసంతం ముందొస్తుంది, ఉత్తరాన మంచు ఇంకా గట్టిగా ఉంటుంది, నది ఉత్తరానికే పారాలి. మధ్యలో నీరు ఇరుక్కుంటుంది. అందుకని వరద రాకముందే క్రేన్లను గట్టు మీదికి లాగేస్తారు, వరద తీశాక బురద కడిగి మళ్లీ దించుతారు. గోదావరి వరద ఎరిగిన మనకు నీళ్లు రావడం కొత్త కాదు. ముందే తేదీ చూసుకుని ప్రతి ఏడూ రేవును మూటగట్టడమే కొత్త.

చిల్లు ఎలా పడింది

నికొలాయ్ ఉర్వాంత్సెవ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1919 నుంచి ఈ కొండల్లో తిరిగాడు. 1921లో చలికాలమంతా ఇక్కడే గడపడానికి ఆయన బృందం ఒక కర్ర ఇల్లు కట్టుకుంది. నొరిల్స్క్‌లో దాన్ని ఇప్పటికీ "మొదటి ఇల్లు" అనే పిలుస్తారు. 1930 నుంచి 1932 దాకా సెవెర్నయా జెమ్ల్యా దీవులను తొలిసారి పూర్తిగా పటంలోకి ఎక్కించిన నలుగురిలోనూ ఆయనొకడు. 1938లో ఆయన్ను అరెస్టు చేశారు. తర్వాత శిక్ష అనుభవించడానికి పంపింది నొరిల్స్క్‌కే. తాను కనిపెట్టిన గనుల దగ్గరే ఖైదీగా భూగర్భ శాస్త్రవేత్త ఉద్యోగం చేశాడు.

అప్పటికి అక్కడ నడుస్తున్నది నొరిల్లాగ్ అనే బందీల శిబిరం. 1935లో మొదలై 1956లో మూతపడింది. గనులు, ఫ్యాక్టరీ, రైలు మార్గం, వీధులు అన్నీ వాళ్ల చేతులతో లేచినవే. శిబిరాన్ని నడిపింది మాస్కోలోని అంతర్గత భద్రతా శాఖ. తైమీర్ స్థానిక పాలనకు దాంతో సంబంధం లేదు, ఉండనివ్వలేదు. 1953లో నొరిల్స్క్‌కు నగర హోదా వచ్చినప్పుడు కూడా దాన్ని నేరుగా క్రాస్నోయార్స్క్ కిందే పెట్టారు. చిల్లు అలా స్థిరపడింది.

దాంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది. గనులూ ఫ్యాక్టరీలూ నొరిల్స్క్‌లో, వాటి సరుకు ఎక్కే రేవు తైమీర్‌లోని దుదింకాలో. ఒకటి లేకపోతే రెండోదానికి బతుకు లేదు, పాలన మాత్రం వేరువేరు. సోవియట్ కాలంలో డబ్బంతా మాస్కోదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 1991 తర్వాత పన్నుల లెక్క వచ్చేసరికి పేచీ మొదలైంది.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పుకోవాలి. 1930 డిసెంబర్‌లో తైమీర్‌ను స్థానిక జాతుల పేరిట జాతీయ మండలంగా ఏర్పరిచారు. తర్వాత దాన్నే స్వయంపాలిత మండలం అన్నారు. సోవియట్ యూనియన్ కూలాక కొత్త రాజ్యాంగం ఈ మండలాలను ఫెడరేషన్‌లో మిగతా రాష్ట్రాలతో సమానమంది. అదే రాజ్యాంగం అవి పెద్ద ప్రాంతంలో భాగంగానూ ఉండొచ్చంది. సమానమూ అదే, లోపలిదీ అదే. రష్యన్లు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు మాత్ర్యోష్కా, ఒకదానిలో ఒకటి ఒదిగే కొయ్యబొమ్మ. నలభై వేల మంది కూడా లేని తైమీర్‌కు సొంత గవర్నరు, ఎగువ సభలో ఇద్దరు సభ్యులు. కోటి మంది ఉన్న మాస్కోకూ ఇద్దరే.

అంత చిన్న ఓటర్ల సంఖ్య, పక్కనే అంత పెద్ద కంపెనీ. జరగాల్సిందే జరిగింది. 2001 జనవరిలో నొరిల్స్క్ నికెల్ సంస్థ అధిపతి అలెగ్జాండర్ ఖ్లపోనిన్ తైమీర్ గవర్నరుగా గెలిచాడు. మరుసటి ఏడాది క్రాస్నోయార్స్క్ గవర్నరయ్యాడు. 2005 ఏప్రిల్ 17న విలీనంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే తైమీర్‌లో సుమారు 70 శాతం సరేనన్నారు. 2007 జనవరి 1 నుంచి స్వయంపాలిత మండలం పోయి తైమీర్ మామూలు జిల్లా అయింది. "ప్రత్యేక హోదా" అన్న మాటను కాగితం మీద మిగిల్చారు. ఆ మాట ఎంత బరువు మోస్తుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంత జరిగినా నొరిల్స్క్‌ను మాత్రం జిల్లాలో కలపలేదు. చిల్లు చిల్లుగానే ఉంది.

"మనిషి" అనే పేరున్న మనుషులు

జిల్లా పేరులో రెండు జాతులున్నాయి, నేల మీద ఐదు. డోల్గన్లు ఐదు వేల మందికి పైగా, నేనెత్స్‌లు మూడున్నర వేల దాకా, ఙనసాన్లు 747 మంది, ఎవెంకీలు, ఎనెత్స్‌లు కొన్ని వందల చొప్పున. జిల్లా జనాభాలో సగం మంది రష్యన్లే.

ఙనసాన్ అన్న పేరును తప్పు రాయలేదు. మన వర్ణమాలలో క, ఖ, గ, ఘ తర్వాత వచ్చే ఙ పాపం బడిలో ఒక్కసారి పలికించి వదిలేసే అక్షరం. తెలుగులో ఏ మాటా దాంతో మొదలవదు. తైమీర్‌లో అది ఒక జాతి పేరుకు తొలి అక్షరం. రష్యన్‌లో ఆ ధ్వనికి అక్షరం లేక రెండు అక్షరాలు కలిపి అవస్థ పడతారు. మనకు ఉండీ పని లేదు, వాళ్లకు పని ఉండీ లేదు.

ఈ పేర్లలో ఇంకో ముచ్చటుంది. నేనెత్స్, ఎనెత్స్, ఙనసాన్ అన్న మూడింటికీ ఆయా భాషల్లో అర్థం ఒకటే: మనిషి. 1930ల దాకా రష్యన్లు ఙనసాన్లను తవ్గీలు అనేవాళ్లు. సోవియట్ భాషావేత్తలు వచ్చి "మీ భాషలో మనిషిని ఏమంటారు?" అని అడిగి ఆ మాటనే జాతి పేరు చేశారు. ఙనసాన్లు మాత్రం తమను తాము "న్యా" అని చెప్పుకుంటారు.

ఈ మూడు భాషలూ దగ్గరి చుట్టాలు. ఫిన్నిష్, హంగేరియన్‌లకు దూరపు బంధువులు. ఎవెంకీ భాష పూర్తిగా వేరే కుటుంబం, మంచూలతో సంబంధమున్నది. డోల్గన్ తుర్కిక్ కుటుంబంలోది. అంటే యాభై వేల మంది కూడా లేని నేల మీద రష్యన్‌ను పక్కన పెట్టినా మూడు వేరువేరు భాషా కుటుంబాలు.

డోల్గన్ల పుట్టుక నాకు అన్నిటికంటే ఆసక్తికరం. ఒక దారి వెంట పుట్టిన జాతి అది. 18, 19 శతాబ్దాల్లో దుదింకా నుంచి తూర్పున ఖతంగా దాకా టండ్రా మధ్యగా బండ్ల దారి ఒకటి నడిచేది. రోజు ప్రయాణానికో మజిలీ, మజిలీకి కొన్ని గుడిసెలు. ఆ మజిలీల్లో స్థిరపడ్డ రష్యన్ రైతులు (రైతులని పేరే గాని పండేదేమీ లేదు, వేట, చేపలు), తూర్పు నుంచి వచ్చిన యాకూత్‌లు, ముందునుంచీ తిరుగుతున్న ఎవెంకీ వంశాలు, కొందరు ఎనెత్స్‌లు. ఒకరికొకరు పిల్లనిచ్చుకున్నారు, సరుకు మార్చుకున్నారు. భాష యాకూత్‌కు దగ్గరిది నిలిచింది, మతం పైకి క్రైస్తవం, రెయిన్‌డీర్ పెంపకం ఎవెంకీల పద్ధతి, జాతి పేరు ఒక ఎవెంకీ వంశానిది. సోవియట్ కాలంలో జాతుల జాబితా రాసేటప్పుడు వీళ్లు యాకూత్‌లా, వేరే జాతా అని అధికారులు చాలాకాలం తికమకపడ్డారు. చివరికి డోల్గన్లు అని తేల్చి జిల్లా పేరులోకి ఎక్కించారు. 20వ శతాబ్దం రెండో సగంలో ఒగ్దో అక్స్యోనొవా అనే కవయిత్రి ఆ భాషకు అక్షరమాల, బడిపిల్లలకు తొలి వాచకం సిద్ధం చేసింది. అంతవరకు అది నోటి భాషే.

వీళ్ల ఇల్లు బాలొక్. స్లెడ్జి మీద కట్టిన పెట్టెలాంటి గది. సన్నటి చెక్కల చట్రం, లోపలివైపు పూల చీటీ గుడ్డ, మధ్యలో రెయిన్‌డీర్ చర్మాలు, పైన మందపాటి గుడ్డ, ఒక కిటికీ, ఒక ఇనుప పొయ్యి. ముందు అరడజను రెయిన్‌డీర్లను కడితే ఇల్లు కదులుతుంది. నేనెత్స్‌లది వేరే పద్ధతి. వాళ్లది చర్మాలు కప్పిన శంకువు గుడారం, చుమ్ అంటారు, విప్పి మూటగట్టి మళ్లీ వేసుకోవాలి. బాలొక్‌కు ఆ శ్రమ లేదు కానీ బరువెక్కువ.

ఇన్ని భాషలవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకునేవాళ్లు? గొవోర్కా అనే ఒక మిశ్రమ భాష ఉండేది. మాటలు రష్యన్‌వి, కట్టు మాత్రం రష్యన్‌ది కాదు. రష్యన్‌లో విభక్తి మాట చివర్న కలిసిపోతుంది, లేదా మాటకు ముందు ఒక చిన్న పదం వస్తుంది. గొవోర్కాలో మాట తర్వాత "మేస్తొ" అని చేరుస్తారు. రష్యన్‌లో దాని అర్థం "చోటు". "నేను" తర్వాత "చోటు" అంటే సందర్భాన్ని బట్టి నాకు, నా దగ్గర, నా దగ్గర్నుంచి. క్రియ వాక్యం చివర్లో వస్తుంది. మాస్కోవాడికి అది విరిగిపోయిన రష్యన్‌లా వినిపిస్తుంది. "నా దగ్గర" అనే అలవాటున్న తెలుగువాడికి అందులో తేడా ఏముందో అర్థం కాదు. ఇప్పుడది పెద్దవాళ్ల జ్ఞాపకాల్లోనే మిగిలింది.

ఙనసాన్ల కథ కష్టమైనది. ఒకప్పుడు బిర్రంగా కొండల దాకా తిరిగిన వేటగాళ్లు. నది దాటుతున్న అడవి రెయిన్‌డీర్ మంద మీదికి చిన్న పడవల్లో వెళ్లి ఈటెలతో పొడవడం వాళ్ల ప్రధాన వేట. 1932లో సామూహిక క్షేత్రాల కోసం రెయిన్‌డీర్లను లాక్కోబోతే వొలొచాంకా దగ్గర టండ్రా జనం తిరగబడ్డారు, అణిచేశారు. 1960, 70లలో ఙనసాన్లను దక్షిణాన ఉస్త్-ఆవామ్, వొలొచాంకా, నోవయా అనే ఊళ్లకు చేర్చి డోల్గన్ల పక్కన చెక్క ఇళ్లలో పెట్టారు. పిల్లలు ఆకురాలే కాలంలో హాస్టల్ బడికి వెళ్తే వసంతం దాకా ఇంటికి రారు. అక్కడ మాట రష్యన్. రెండు తరాల్లో పని అయిపోయింది. 2010లో ఙనసాన్ భాష వచ్చని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద 125 మంది, ఎనెత్స్ భాష వచ్చని చెప్పినవాళ్లు 43 మంది. పేరున్న షమన్ (ఆత్మలతో మాట్లాడే పూజారి) తుబ్యాకు కొస్తెర్కిన్ తన ఆచార దుస్తులను దుదింకా మ్యూజియానికి ఇచ్చేసి 1989లో చనిపోయాడు.

మందలు, గొట్టాలు

తైమీర్‌లో మనుషుల కంటే రెయిన్‌డీర్లు ఎక్కువ. 2000 ప్రాంతంలో అడవి మంద దాదాపు పది లక్షలకు చేరింది, ప్రపంచంలో అతి పెద్ద మందల్లో ఒకటి. చలికాలం దక్షిణాన పుతోరానా అడవుల్లో, వేసవిలో ఉత్తర టండ్రాలో. మధ్యలో వందల కిలోమీటర్ల నడక. ఆ దారే ఇక్కడి అసలు భూగోళం. "జనం లేని" నేలగా పటంలో కనిపించేది నిజానికి మందలకూ, వాటి వెనక వేటగాళ్లకూ ఏడాదిలో రెండుసార్లు దారి. మేత కోసం నేలకు విశ్రాంతి కావాలి, నాచు మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అంటే ఇక్కడ తక్కువమంది ఎక్కువ నేలను వాడుకోవడం ఒక బతుకు పద్ధతి. దాన్ని ఖాళీ అనడం బీడు పెట్టిన పొలాన్ని దిక్కులేని పొలం అన్నట్టుంటుంది.

1960ల చివర్లో మెస్సొయాఖా గ్యాస్ క్షేత్రం నుంచి నొరిల్స్క్‌కు గ్యాస్ గొట్టం వేశారు. గడ్డకట్టిన నేలలో పాతితే వేడికి నేల కరిగి కుంగుతుంది, కాబట్టి పైనే వేశారు. మందలకు అది గోడయింది. 1970ల చివరి నుంచి యెనిసెయ్‌లో మంచు పగలగొట్టే ఓడలతో ఏడాది పొడవునా నౌకలు నడపడం మొదలుపెట్టారు. గడ్డకట్టిన నది మీదుగా దాటే రెయిన్‌డీర్లకూ కాపరులకూ నడి మధ్యలో నల్లటి నీటి కాలువ అడ్డొచ్చింది.

అదే కాలంలో అడవి మందలు పెరగడం ఇంకో చిక్కు తెచ్చింది. అడవి మంద పక్కనుంచి పోతుంటే పెంపుడు రెయిన్‌డీర్లు దాంతో కలిసి వెళ్లిపోతాయి. 1970ల చివరికి ఉస్త్-ఆవామ్, వొలొచాంకా వైపు పెంపుడు మందలు దాదాపు లేకుండా పోయాయి. కాపరి వేటగాడయ్యాడు. పడమట నేనెత్స్‌ల దగ్గర, తూర్పున ఖతంగా వైపు డోల్గన్ల దగ్గర మాత్రం మందలు నిలిచాయి. ఇప్పుడు అడవి మంద కూడా సగానికి కిందికి పడిపోయింది. వేట, వెచ్చబడుతున్న వాతావరణం, లేత కొమ్ముల కోసం నదిలో ఈదుతున్న జంతువుల నెత్తి నరికే దొంగలు, ఇలా కారణాలు చాలానే చెబుతారు.

ఎవరు వెళ్లిపోయారు

1989లో తైమీర్‌లో 55,803 మంది ఉండేవారు. 2002కు 39,786, 2010కి 34,432. ఇరవయ్యేళ్లలో పదింట నలుగురు తగ్గారు. చలి భరించలేక వెళ్లారంటే నమ్మకండి, 1989లోనూ అదే చలి. సోవియట్ కాలంలో ఉత్తరాదికి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతం, సెలవులు, ముందే పింఛను ఉండేవి. ఆ ఏర్పాటు కుప్పకూలాక నావికులు, వాతావరణ కేంద్రాల సిబ్బంది, సైనికులు, భూగర్భ పరిశోధకులు మాతెరిక్ దారి పట్టారు.

డిక్సన్ రేవులో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1915లో రేడియో స్టేషనుగా మొదలైన ఊరు. 1942 ఆగస్టులో జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షీర్ ఇంత దూరం వచ్చి దీని మీద గుండ్లు కురిపించింది, అంటే అప్పుడు దానికి అంత విలువుండేది. 1989లో 4,449 మంది. 2010లో 676.

మరి స్థానిక జాతులు? వాళ్లు వెళ్లలేదు. వెళ్లడానికి వాళ్లకు వేరే మాతెరిక్ లేదు. ఐదు జాతులూ కలిపి 1989లో జనాభాలో దాదాపు ఆరో వంతు. 2010లో పదింట మూడు వంతులు. సంఖ్య కూడా కొంత పెరిగింది. కాబట్టి "తైమీర్ ఖాళీ అవుతోంది" అన్న శీర్షిక చూసినప్పుడు ఎవరి తైమీర్ అని అడగాలి. ఖాళీ అవుతున్నది రేవులు, స్టేషన్లు. టండ్రా కాదు.

గీతను లెక్కచేయనిది నీరు

2020 మే 29న నొరిల్స్క్ శివారులో విద్యుత్ కేంద్రం తాలూకు డీజిల్ ట్యాంకు కుంగి పగిలింది. సుమారు 21,000 టన్నులు బయటికొచ్చింది, అందులో ఎక్కువ భాగం దల్దికాన్, అంబార్నయా నదుల్లో కలిసింది. ట్యాంకు ఉన్నది చిల్లులో. నదులు పారేది ప్యాసినో సరస్సు వైపు, అక్కణ్నుంచి ప్యాసినా నదిగా జిల్లా నడుమ మీదుగా కారా సముద్రానికి. చేపల మీద బతికే కుటుంబాలు ఉన్నది ఆ దిగువనే. కోర్టు నొరిల్స్క్ నికెల్ కంపెనీకి 14,600 కోట్ల రూబుళ్ల జరిమానా వేసింది, కంపెనీ కట్టింది. అప్పుడు మళ్లీ పాత ప్రశ్నే: ఆ డబ్బు ఎవరిది? నగరానిదా, జిల్లాదా, మాస్కోదా?

మనకూ దీనితో ఓ మూల సంబంధం ఉంది. ప్రపంచ పల్లాడియంలో సుమారు 40 శాతం ఈ కంపెనీ నుంచే వస్తుంది. పెట్రోలు కారు పొగను శుభ్రం చేసే భాగంలో వాడేది ఆ లోహమే. ఇంకా సూటి సంబంధం చమురుది. తైమీర్‌కు ఆనుకుని, యెనిసెయ్ పడమటి వైపున్న వాంకోర్ క్షేత్రాన్ని నడిపే కంపెనీలో 2016లో భారత ప్రభుత్వ రంగ సంస్థలు 49.9 శాతం వాటా కొన్నాయి.

ఇప్పుడు ఆ వాంకోర్ క్షేత్రాలనూ, తైమీర్‌లోని పయాఖా క్షేత్రాలనూ కలిపి వోస్తొక్ ఆయిల్ అనే భారీ పథకం నడుస్తోంది. చమురును సముద్రం దాకా తేవడానికి గొట్టాలు, ఓడలకెక్కించడానికి సేవెర్ అఖాతంలో కొత్త రేవు. ఆ అఖాతం డిక్సన్‌కు దక్షిణంగా, పెద్దగా దూరం కాదు. రేవు కట్టేవాళ్లు "వాఖ్తా" పద్ధతిలో వస్తారు. నెలో రెండు నెలలో పని, తర్వాత విమానమెక్కి ఇంటికి, వాళ్ల స్థానంలో ఇంకో బ్యాచ్. బంకుల్లో పడుకుంటారు, క్యాంటీన్‌లో తింటారు. ఇంటి చిరునామా వేరే ఊళ్లో. జనాభా లెక్కలో వాళ్ల పేర్లు పడేది ఆ ఊళ్లలోనే. పక్కనే డిక్సన్‌లో కిటికీలకు చెక్కలు కొట్టిన అంతస్తుల ఇళ్లు అలాగే ఉన్నాయి. అధికారిక పట్టికలో ఆ తీరానికి ఎదురుగా రాసే సంఖ్య ఏటా ఇంకొంచెం చిన్నదవుతోంది.